పెరిగే పిల్లకి తుపాకీ

తుపాకీ కొలత మోచేతి మడత దగ్గర మొదలవుతుంది. చెయ్యి అక్కడ వంచి, ముంజేతిని నిలువుగా నిలబెట్టి, మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా టేపు పెట్టాలి. ఆ పొడుగు ఎంతుంటే, భుజానికి ఆనించే చెక్క అంచు నుంచి ట్రిగ్గర్ దాకా తుపాకీ దాదాపు అంత ఉండాలి. మా అమ్మాయిని వంటగదిలో బల్ల దగ్గర కూర్చోబెట్టి, నా భార్య కుట్టు సామాను డబ్బాలోంచి టేపు తీసి కొలిచాను. పన్నెండున్నర అంగుళాలు వచ్చింది. నమ్మకం కుదరక ఇంకోసారి కొలిచాను. పన్నెండున్నరే.

నా భార్య పొయ్యి దగ్గర పోపు వేస్తూ, వెనక్కి తిరగకుండానే అంది:

"పెరిగే పిల్ల. ఒక అంగుళం ఎక్కువే తీసుకోండి."

మా వైపు ఇళ్లలో ఈ మాట అననివాళ్లు ఉండరు. నేను బడికి బూట్ల ముందు భాగంలో దూది కుక్కుకుని వెళ్లినవాణ్ణి. ఈ చలిదేశం వచ్చాక మా అమ్మాయి ప్రతి చలికోటునీ మొదటి ఏడాది చేతులు మడిచి, రెండో ఏడాది విప్పి, మూడో ఏడాది ఊపిరి బిగబట్టి తొడుక్కుంది. బట్టలైనా, చెప్పులైనా, సైకిలైనా ఒక సైజు ముందుకు చూసి కొనడం మాకు వేరే ఆలోచన అక్కర్లేని పని. నా భార్య నోటి నుంచి ఆ మాట అలాగే వచ్చేసింది. కొలవడం అయిపోయిందని నేను చెప్పలేదు కాబట్టి అమ్మాయి చెయ్యి ఇంకా వంచే ఉంచింది.

"ఓకే అమ్మా," అంది చివరికి.

పదిహేనేళ్ల పిల్ల. పొడుగు ఇంకాస్త పెరగొచ్చు. చేతుల్లో బలం మాత్రం ఇక పెరగదు, తగ్గుతుంది. ఆ సంగతి అప్పటికే మా ముగ్గురికీ తెలుసు.

తెలిసింది తన పదమూడో పుట్టినరోజున. కేకు మీద కొవ్వొత్తులు ఆర్పలేకపోయింది. ఊదుతోంది, గాలి పెదాల పక్కల నుంచి పోతోంది, మంటలు కదలడం లేదు. స్నేహితులు నవ్వారు, తనూ నవ్వింది. సోఫాలో కూర్చుని మిరపకాయ బజ్జీ తింటున్న డాక్టర్ గారు మాత్రం ప్లేటు పక్కన పెట్టేశారు.

మా ఊరు సస్కటూన్‌లో తెలుగువాళ్లందరికీ ఆయన డాక్టర్ గారే. ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడ ఆపరేషన్లు చేసి రిటైరయ్యారు. గోదావరి యాస వదల్లేదు, వేట కూడా వదల్లేదు. ఆయన అమ్మాయిని దగ్గరికి పిలిచి, "ఏదమ్మా, ఓసారి ఈల వెయ్యి చూద్దాం," అన్నారు. రాలేదు. "పోన్లే. చేతులు రెండూ పైకెత్తు." భుజాల దాకా లేచి ఆగిపోయాయి. వీపున ఫ్రాకు కింద రెండు రెక్కల ఎముకలూ పైకి పొడుచుకొచ్చాయి. చిన్నప్పటి నుంచీ అలాగే లేస్తున్నాయని, సన్నటి పిల్ల కాబట్టేనని మేం అనుకున్నాం. ఆయన ఆ రోజు ఇంకేమీ అనలేదు. వెళ్తూ గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ, "రేపు ఫోన్ చేస్తానయ్యా. ఒకళ్ల దగ్గరికి తీసుకెళ్దాం," అన్నారు.

తీసుకెళ్లాం. కండరాలకు సంబంధించిన జబ్బు. ముందు మొహంలో, భుజాల్లో, పై చేతుల్లో మొదలవుతుంది. ప్రాణం మీదికి రాదు, మందు లేదు. స్పెషలిస్టు ఓపిగ్గా బొమ్మలు గీసి మరీ చెప్పింది. నేను అడిగింది ఒకటే: ఏడాదికి ఎంత బలం తగ్గుతుంది? చెప్పలేమంది. కొందరికి చాలా ఏళ్లు అలాగే నిలబడుతుందని, కొందరికి ఒక్కసారిగా దిగుతుందని అంది. నేను లెక్కల మనిషిని. చదువు ఇంటర్‌తో ఆగిపోయినా లెక్కలు సొంతంగా నేర్చుకుంటూనే వచ్చాను. పప్పుధాన్యాలు శుభ్రం చేసే మిల్లులో ఏ గింజకి ఏ జల్లెడ పెట్టాలో చూసేది నేనే. పెద్ద సంఖ్యో చిన్న సంఖ్యో ఏదైనా సరే చేతికిస్తే నేను దానితో బతగ్గలను. ఆమె ఏ సంఖ్యా ఇవ్వలేదు.

వేట మా అమ్మాయికి ఆ జబ్బు సంగతి తెలియకముందే పట్టుకుంది. పన్నెండేళ్లప్పుడు ఓ శరత్కాలం డాక్టర్ గారు మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకెళ్లారు. మా మిల్లుకి మసూర్ పప్పు తోలే రైతు పొలం. కోసిన మోళ్ల మధ్య కదలకుండా పడుకోమన్నారు. ముందు గీస్ అనే పెద్ద అడవి బాతుల అరుపులు వినపడ్డాయి, ఆ తర్వాత ఆకాశం అంచున గీతలు, ఆ గీతలు మా మీదకి రెక్కలు ముడిచి జారుతూ దిగడం. డాక్టర్ గారు రెండు కొట్టారు. మా అమ్మాయి వెళ్లి ఒకదాన్ని రెండు చేతులతో ఎత్తుకొచ్చింది. వేడిగా ఉందట. దారి పొడుగునా అదే చెప్పింది. నా భార్య దాన్ని అల్లం, ధనియాలు దట్టించి వండితే ఎముకలు కూడా వదల్లేదు. అప్పటి నుంచి తన కోరిక ఒకటే, తన సొంత తుపాకీతో ఒక గూస్‌ని కొట్టి అమ్మ చేతికివ్వాలి.

"ఒక్కటి చాలు నాన్నా. జస్ట్ వన్."

వేటగాళ్ల కోర్సు పాసైంది, పిల్లలకిచ్చే లైసెన్సు తెచ్చుకుంది. తుపాకీ మాత్రం పెద్దవాళ్ల పేరు మీదే ఉండాలి. కాబట్టి నేనూ కోర్సుకి వెళ్లి, పరీక్ష రాసి, నా లైసెన్సు కోసం ఎదురుచూశాను. వద్దనాలా అని డాక్టర్ గారిని అడిగాను.

"ఎందుకు వద్దంటావయ్యా?"

"తుపాకీ వెనక్కి తంతుంది కదండీ. భుజానికి ఏమైనా అయితే?"

"తేలిక తూటాలు వాడదాం, మెత్త వేద్దాం. నేను అడిగాను ఆస్పత్రి వాళ్లని. తన్నడం వల్ల జబ్బు పెరగదు. తన్నకపోయినా తగ్గదు. చెయ్యి లేస్తున్నన్నాళ్లూ లేపనీ," అన్నారు.

కొలతలు తీసిన ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికి భోజనానికొచ్చారు. టేపు ఇంకా బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని చూసి నవ్వారు.

"ఏవమ్మా, ఈయన పెళ్లిచూపులకి కూడా స్కేలు పట్టుకొచ్చాడా?"

"తెచ్చే ఉంటారు బాబాయ్ గారూ. జేబులో పెట్టుకునుంటారు, నాకు కనపడలేదు," అంది నా భార్య. వెంటనే నా వైపు తిరిగి, "ఇంతకీ ఎన్నో నంబరు తుపాకీ?" అని అడిగింది.

"ఇరవై గేజ్."

"ఇరవయ్యా! బాబాయ్ గారిదే పన్నెండు కదా. పిల్లకి ఆయనకన్నా పెద్దది ఇస్తారా? ముందు ఆరుతోనో ఏడుతోనో మొదలెట్టొచ్చుగా!"

డాక్టర్ గారు చెయ్యి కంచంలో పెట్టుకునే నవ్వడం మొదలెట్టారు. "ఆరో గేజ్ అంటే ఫిరంగి తల్లీ. పడవకి కట్టి పేలుస్తారు."

నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ లెక్క మొదటిసారి చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన చీరాలలో నేతగాడు. మా ఇంట్లో నూలుకి నంబర్లుండేవి. నలభయ్యో నంబరు ముతక, ఎనభయ్యోది సన్నం, నూరోది ఇంకా సన్నం. పౌను బరువుకి ఎన్ని చిలపలు, అంటే ఒకే పొడుగు నూలు కట్టలు, తూగితే అదే నూలు నంబరు. సన్ననైన కొద్దీ ఎక్కువ చిలపలు తూగుతాయి, నంబరు పెరుగుతుంది. తుపాకీకీ అదే లెక్క. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పౌనుకి ఎన్ని తూగితే అంత గేజ్. పన్నెండు తూగితే గుండు పెద్దది, గొట్టం వెడల్పు. ఇరవై తూగితే గొట్టం సన్నం. అదే నా భార్యకి చెప్పాను.

"అయితే ఇరవయ్యోది సన్న నూలన్నమాట," అంది. ఆమెదీ నేత ఇల్లే. ఒక్క ముక్కతో అర్థమైపోయింది.

"మీ నాన్నగారు ఉంటే తుపాకీకి గంజి కూడా పెట్టేవారు," అన్నారు డాక్టర్ గారు.

గేజ్ తేలింది గానీ బరువు తేలలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. తుపాకీ తేలికైతే మా అమ్మాయి ఎత్తగలదు, అయితే తేలిక తుపాకీ గట్టిగా తంతుంది. గుళ్లు ముందుకి ఎంత జోరుగా పోతే, తుపాకీ వెనక్కి అంత జోరుగా రావాలి. ఒకే తూటాకి తుపాకీ బరువు సగం చేస్తే, భుజానికి తగిలే దెబ్బ రెట్టింపవుతుంది. బరువు పెంచితే దెబ్బ మెత్తబడుతుంది, చెయ్యి లేవదు. ఇవి రెండూ ఒకదానికొకటి ఎదురు లాగే గీతలు. ఎక్కడో ఒకచోట కలుస్తాయి. ఆ చోటు మా అమ్మాయి చేతికి అందేంత కింద ఉందా లేదా అన్నదే నేను కనుక్కోవాలి.

ఒక కర్ర తీసుకుని తుపాకీ పొడుగున కోశాను. మిల్లు నుంచి తెచ్చిన మసూర్ పప్పు పౌను చొప్పున సంచుల్లో పోసి, ఆ కర్రకి కట్టాను. అమ్మాయి దాన్ని భుజానికి ఎత్తి, గోడ మీద అంటించిన కాగితపు బాతుని గురి చూడాలి. మార్చిలో, బయట ఇంకా మంచు ఉండగానే, మొదటిసారి చేశాం. అయిదు పౌన్లు సులువుగా ఎత్తింది. ఆరు కూడా ఎత్తింది, కాస్త పళ్లు బిగబట్టి.

"ఇంకొకటి కట్టు నాన్నా."

"చాలమ్మా."

"కట్టు. ఐ వాంట్ టు నో."

కట్టాను. ఏడు లేవలేదు. ఆ సంచి విప్పుతుంటే, "మనింట్లో గన్‌తోనే పప్పు చెయ్యొచ్చు," అంది. నవ్వాను. ఆరు మా హద్దు అని మనసులో గీత గీసుకున్నాను.

దుకాణంలో కుర్రాడు మంచివాడు. నాతో కాకుండా మా అమ్మాయితోనే మాట్లాడాడు. ఇంకా సన్న గొట్టం తుపాకీ ఒకటి తేలిగ్గా, ముచ్చటగా ఉంది. తను ఎత్తింది కూడా. డాక్టర్ గారు ఒప్పుకోలేదు. దాంట్లో పట్టే గుళ్లు గూస్‌కి చాలవు, రెక్క విరిగి ఎక్కడో రెల్లులో పడి రెండు రోజులు చస్తుంది, అలాంటి వేట నా ఎదురుగా జరగదు అన్నారు. మా అమ్మాయి ఆ తుపాకీని వెంటనే కింద పెట్టేసింది. తర్వాత కుర్రాడు ఒక ఇరవై గేజ్ చూపించాడు. పిల్లల సైజు, ఆరు పౌన్లకి కాస్త తక్కువ, పేలిన గ్యాసులో కొంత వాడుకుని తనే మళ్లీ తూటా ఎక్కించుకునేది. అందుకని దెబ్బ మెత్తగా ఉంటుంది. నేను ఇంట్లో వేసుకున్న లెక్కకి దగ్గరగా వచ్చింది ఇదొక్కటే. పొడుగు కూడా పన్నెండున్నరకి సరిపోయింది.

పెట్టెలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. దాంట్లో నల్లటి ముక్కలు, ఒక్కొక్కటి వేలెడు మందాన. పిల్ల ఎదిగే కొద్దీ వెనకభాగంలో ఒక్కో ముక్క చేర్చి తుపాకీని పొడుగు చేసుకోవచ్చట. కుర్రాడు ఆ సంచి నా చేతిలో పెట్టి, ఇది మీ అమ్మాయితో పాటే పెరుగుతుంది అన్నాడు, ఉత్సాహంగా. అతనికి తెలియదు. నేను థాంక్స్ చెప్పాను. నా భార్య కోరిన అంగుళం అదే. తెచ్చి ఆమెకి చూపించాను.

జూన్‌లో ఒక మంచి రోజు ఉంది. దాన్ని దాచడం నాకిష్టం లేదు. డాక్టర్ గారి స్నేహితుడి పొలంలో మట్టి పళ్లేలు గాల్లోకి విసిరే మర ఉంది. మా అమ్మాయి ఒక ప్లాస్టిక్ బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని కొట్టింది. మొదటివి తప్పిపోయాయి. తర్వాత ఒకటి గాల్లోనే పొడి పొడి అయింది. తను తుపాకీ దించి, సేఫ్టీ పెట్టి, అప్పుడు అరిచింది. వెంటనే ఇంకోటి. డాక్టర్ గారు టోపీ తీసి గాల్లోకి విసిరి, "దీన్ని కూడా కొట్టు!" అన్నారు. రాత్రి భుజం చూసింది నా భార్య. ఎర్రగా కూడా లేదు. నా లెక్క తప్పలేదనుకుని నిద్రపోయాను.

ఆగస్టులో మళ్లీ పప్పు సంచులు కట్టాను. ఎందుకు కట్టానో తెలియదు. బహుశా సెప్టెంబరుకి సిద్ధమే అని చూసుకోవడానికి. ఆరు సగంలో ఆగిపోయింది. ఒక సంచి విప్పాను. అయిదు భుజం దాకా వచ్చింది గానీ కర్ర చివర వణికింది. కాగితపు బాతు మీద నిలబడలేదు.

"పొద్దున్నుంచీ పని చేశావుగా. అలసిపోయుంటావు," అన్నాను.

"ఏం పని చేశాను నాన్నా?"

సెలవుల్లో ఆ రోజంతా సోఫాలోనే ఉంది.

నేను మార్చిలో చెయ్యిని కొలిచి, శరత్కాలానికని తుపాకీ కొని, జూన్‌లో సరిచూశాను. మధ్యలో చెయ్యి కదలకుండా ఉంటుందని నా లెక్కలో ఒక మూల అనుకున్నానన్నమాట. జల్లెడ వేసేలోపు గింజ సైజు మారిపోతే ఏ మిల్లువాడు ఏం చేస్తాడు.

అప్పుడు నాన్న మగ్గం గుర్తొచ్చింది. నూలు మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తే చెక్క పలక బరువుగా ఉండేది. చిన్నప్పుడు నేను ఎత్తాలని చూస్తే కదిలేది కాదు. నాన్న మాత్రం దాన్ని రోజంతా ఒక్క చేత్తో లాగుతూ నేసేవాడు, ఎందుకంటే అది పైనున్న వాసం నుంచి తాళ్లతో వేలాడుతూ ఉండేది. బరువు మోసేది తాళ్లు, చెయ్యి దాన్ని నడిపిస్తుందంతే. గరాజ్‌లో కూర్చుని అలాంటిదే కట్టాను. నేలలో పాతే ఒక స్తంభం, దాని పైన ముందుకు వంగిన కడ్డీ, కడ్డీ నుంచి సాగే తాడు, తాడు చివర పాత చీర అంచుతో కుట్టిన ఉయ్యాల లాంటి పట్టీ. తుపాకీ గొట్టం కింది భాగం ఆ పట్టీలో కూర్చుంటుంది. అమ్మాయి కుర్చీలో కూర్చుని వెనక అంచు భుజానికి ఆనించి, వేలితో నడిపిస్తే చాలు.

డాక్టర్ గారొచ్చి చుట్టూ తిరిగి చూశారు. "బావుందయ్యా నేతగాడా," అన్నారు. తర్వాత గొట్టం చివర పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మొహం మార్చారు. "ఇది తిరిగితే నా వైపుకీ తిరుగుతుంది, నీ వైపుకీ తిరుగుతుంది. తాడు మీదున్న తుపాకీని పసిపిల్ల చేతిలో అలా వదలకూడదు. రెండు గూటాలు పాతు. గొట్టం వాటి మధ్యే తిరగాలి." ఆయన చెప్పింది నిజం. పాతాను.

సెప్టెంబరు ఆఖర్లో వెళ్లాం. అదే రైతు పొలం, అవే మోళ్లు. తెల్లవారుతుండగా నేల మీద పలచగా తెల్లటి మంచు. అమ్మాయి కుర్చీ చుట్టూ గడ్డి కట్టి దాచాం. తను మందపాటి కోటు వేసుకుంది. తుపాకీ ఆనించి చూస్తే కోటు మందం వల్ల అది ఒక అంగుళం పొడుగైపోయింది. నేను టీషర్టు మీద కొలిచాను, వేట కోటులో చేస్తారు. ముక్కలేవీ వెయ్యలేదు కాబట్టి ఎలాగో సరిపోయింది. నేను ఎడమ పక్క గూటానికి బయట పడుకున్నాను. డాక్టర్ గారు కుడి పక్క.

గీస్ వచ్చాయి. డాక్టర్ గారు నోట్లో పిలుపు బూర పెట్టుకుని పిలుస్తున్నారు. అవి జవాబు చెబుతూ ఒక చుట్టు తిరిగి, రెక్కలు బిగించి దిగడం మొదలెట్టాయి. మా అమ్మాయి మొహం నాకు పక్క నుంచి కనపడుతోంది. చెంప చెక్కకి ఆనింది. గొట్టం తాడు మీద మెల్లగా లేచింది. మా నాన్న చెయ్యి కదిలినట్టే కదిలింది. ఇంకో రెండు క్షణాలు అవి అలాగే వచ్చుంటే సరిపోయేది. గాలి కాస్త వాలింది. గుంపు మొత్తం కుడికి ఒరిగింది. గొట్టం వాటి వెంట తిరిగింది, తిరిగి గూటానికి తగిలి 'టక్' మంది.

తను గొట్టాన్ని పట్టీలోంచి బయటికి లాగింది. రెండు చేతులతో ఎత్తింది. అది గుండెల దాకా లేచింది. అక్కడ వణుకుతూ ఆగింది. డాక్టర్ గారు పాక్కుంటూ వచ్చి అరచేతిని గొట్టం మీద పెట్టి నేల వైపు నొక్కారు.

"వద్దమ్మా. వద్దు తల్లీ."

గీస్ మా మీద నుంచే పోయాయి. రెక్కల చప్పుడు వినపడేంత దగ్గరగా.

"యూ కుడ్ హావ్ షాట్ తాతా," అంది మా అమ్మాయి. "మీ దగ్గర గన్ ఉంది కదా."

"నా వంతు కాదుగా."

ఇంకో గుంపు రాలేదు. వచ్చినవి అందనంత ఎత్తున పోయాయి. ఎండ ఎక్కింది, మంచు కరిగి కోట్లు తడిశాయి. మా ఇద్దరిలో ఎవరమూ లేద్దాం అనలేదు. డాక్టర్ గారు ఆ పిల్ల మొహం చూడలేక కాబోలు, మెడలోని బూర తీసి తన చేతిలో పెట్టారు.

"తుపాకీ పేల్చేవాడు ఎవడైనా పేలుస్తాడమ్మా. పక్షిని పిలిచేవాడే అసలు వేటగాడు. ఇవాళ్టి నుంచి పిలిచేది నువ్వు, కొట్టేది నేను. ఏదీ, ఊదు."

నేను ఆపాలనుకున్నాను. ఈలోపే తను బూర పెదాలకి పెట్టుకుని ఊదింది. గాలి రెండు పక్కల నుంచీ బయటికి పోయింది. బూరలోంచి చిన్న బుసలాంటిది వచ్చి ఆగిపోయింది. మళ్లీ ఊదింది. కొవ్వొత్తులప్పుడు ఎలా ఊదిందో అలాగే.

డాక్టర్ గారు బూర కోసం చెయ్యి చాచారు. ప్లేటు పక్కన పెట్టి ఆ జబ్బుని అందరికన్నా ముందు కనిపెట్టిన మనిషి ఆయన.

"మర్చిపోయారా తాతా?"

"మర్చిపోయానమ్మా."

"ఇట్స్ ఓకే." బూరని కోటు చేతికి తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

అక్టోబరులో ఇంకోసారి వెళ్లాం. నేను గూటాలు కాస్త ఎడంగా పాతాను, డాక్టర్ గారు వెనక్కి జరిగి కూర్చున్నారు. ఈసారి తాడున్నా వెనక అంచుని భుజం మీద నిలపలేకపోయింది. అది జారి చంకలోకి పోయేది. నేను పట్టుకుంటానన్నాను.

"అప్పుడు కొట్టింది నువ్వవుతావు నాన్నా," అంది.

నిజమే. ఇంటికొచ్చేశాం. డాక్టర్ గారు ఆ రోజు తానే కొట్టిన గూస్‌ని మా గుమ్మం దగ్గర ఇచ్చారు. నా భార్య దాన్ని వండింది. అమ్మాయి తింది, బావుందంది. కానీ అది తను కొట్టి అమ్మ చేతికిచ్చింది కాదు.

చలికాలమంతా తుపాకీ బేస్‌మెంట్‌లో ఇనప బీరువాలో ఉంది. స్పెషలిస్టు ఈసారి ఒక పరికరాన్ని పట్టుకుని నొక్కమని అంకెలు చూసింది. ఆ అంకెలు నేను అడిగి చూశాను. కిందటిసారి కన్నా తక్కువ. మొదటిసారిగా నా చేతికి సంఖ్యలొచ్చాయి. వాటితో ఏం చెయ్యాలో తెలియలేదు. గీత గీస్తే అది ఎటు పోతుందో ఎవరైనా చెప్పగలరు.

మార్చిలో మా అమ్మాయే అడిగింది. "నాన్నా, గన్ అమ్మేద్దామా?"

"తొందరేముంది. ఉండనీ."

"ఉండి ఏం చేస్తుంది? అదేమైనా పప్పా, దాచుకుని వండుకోడానికి?"

కొనడానికి వచ్చింది ఊరి బయట పొలం చేసుకునే ఒక తల్లి. కూతురి కోసమట. లైసెన్సు చూపించింది, నేను సరిచూసి బదిలీకి కావలసినవన్నీ పూర్తి చేశాను. తుపాకీ కొత్తదానిలాగే ఉందే అంది. అవునన్నాను. మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఆవిడకి సేఫ్టీ ఎక్కడుందో, తూటా ఎలా ఎక్కించాలో, చెంప ఎక్కడ ఆనించాలో ఓపిగ్గా చెప్పింది. కోటు మీదే కొలవండి, మా నాన్న టీషర్టు మీద కొలిచాడు అని కూడా చెప్పింది. ఆవిడ నవ్వింది. మా పిల్లకి ఇప్పుడు సరిపోతుంది గానీ అది నెలనెలా పెరిగిపోతోంది, దీన్ని పొడుగు చెయ్యొచ్చా అని అడిగింది.

చెయ్యొచ్చన్నాను. ముక్కల సంచి కోసం బీరువా వెతికాను, పెట్టె వెతికాను. కనపడలేదు. దొరికితే ఫోన్ చేస్తానని నంబరు తీసుకున్నాను. ఆవిడ తుపాకీని కేసులో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నా భార్య కుట్టు సామాను డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత తీస్తే టేపు కింద, దారపు ఉండల మధ్య, ఆ ప్లాస్టిక్ సంచి ఉంది. సీలు తియ్యలేదు. ఎప్పుడైనా కావలసొస్తే చేతికందేలా ఉండాలని అక్కడ పెట్టానంది.

తుపాకీ కొన్నావిడకి ఫోన్ చేశాను. ఇప్పుడే తొందర లేదు, మా పిల్లకి అవి వచ్చే ఏడాదికి గానీ అవసరం రావు, అటు వచ్చినప్పుడు తీసుకుంటాను, మీ దగ్గరే ఉంచండి అంది.

ఉంచాను. డబ్బాలో టేపు కిందే ఉన్నాయి.